చూపునకు దారి వేయు విద్య

1957వ సంవత్సరమున విడుదలయిన 'మాయాబజార్' చిత్రములో ప్రియదర్శిని యను పేటిక యొకటి కలదు. మూత తెఱచినవారి మనస్సునందు సర్వదా మెదలుచుండునది యేదియో అదియే దానిలో సాక్షాత్కరించును. శశిరేఖ అభిమన్యుని జూచును. బలరాముడు తన ప్రియశిష్యుడగు దుర్యోధనుని, రేవతి రత్నాభరణములను, శ్రీకృష్ణుడు శకునిని జూచుదురు. పేటిక యొక్కటియే, చూచు కన్నులు వేఱు. పుస్తకమునకు ముఖచిత్రము వేయువాడు మొదలు చేతిఫోను తెరపై మీటల నమర్చువాని వఱకు, నేడు డిజైనర్లని మనము పిలుచు రూపకర్త లందఱును నేర్వవలసిన మొదటి పాఠము నాకు ఆ పేటికయందే కనబడుచున్నది. తాను చేసిన వస్తువు తన కన్నులకు ఎంత ఇంపుగా నున్నదో చూచుకొనుటకు ముందే, దానిని తెఱచువాడు ఏమి కోరి తెఱచుచున్నాడో రూపకర్త యెఱుగవలయును.

రూపకల్పన యనగా రంగును, రేఖయు, అక్షరముల సొగసును మాత్రమే యని తలచువారు పెక్కుమంది కలరు. చలనచిత్రకారుడు ఈ మూటితోపాటు కాలమును గూడ తన సామగ్రిలో చేర్చుకొనును. మొదట దేనిని జూపవలయును, దేనిని కొంత తడవు మఱుగుపఱుపవలయును, ప్రేక్షకుని చూపును ఎచ్చట నిలిపి ఎచ్చటినుండి సాగనంపవలయును అను విచారమే ఆతని విద్యకు ప్రాణము. రైల్వేస్టేషనులో పెట్టె చేతబట్టుకొని దిగిన ముసలివానికిని కావలసినది ఈ విద్యయే. ఏలయన, ప్లాట్‌ఫారము సంఖ్యను ఎంత అందముగా వ్రాసినను, మెట్ల దగ్గఱ ఆతనికి సందేహము కలిగిన చోట ఆ పలక లేనిచో, ఆ యందము ఆతని కేమాత్రమును అక్కఱకు రాదు.

ఒకదాని ప్రక్క మఱియొకటి వచ్చుటవలన అర్థ మెట్లు పుట్టునో చూపుటకు రష్యాదేశపు దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగము ప్రసిద్ధము. మొజూఖిన్ అను నటుని నిర్వికారమైన ముఖమును, ఒకమాఱు సూపు గిన్నెతోను, ఒకమాఱు శవపేటికతోను, ఒకమాఱు సుందరితోను జతపఱచి చూపగా, మార్పు లేని ఆ ముఖముననే చూచువారికి ఆకలియు, శోకమును, కామమును గోచరించినవని చెప్పుదురు. మన నిత్యజీవనమున ఇదే సూత్రము ఎదురు తిరిగి బాధించు సందర్భములు కలవు. 'టికెట్టును రద్దు చేయవలెనా?' యని యడిగి, క్రింద 'సరే' యనియు 'రద్దు' అనియు రెండు మీటలు పెట్టిన తెర యెదుట, చదువుకొన్నవాడు సయితము వ్రేలు గాలిలో నిలిపి తికమకపడును. 'రద్దు' అను మాటలో దోషము లేదు. అది కూర్చున్న చోటిలో దోషము కలదు.

ఇట్టి కూర్పు చిత్రీకరణదినమున అకస్మాత్తుగా స్ఫురించునది కాదు. 'మాయాబజార్' దర్శకులు కె.వి.రెడ్డిగారు నటులచే ముందుగానే అభ్యాసము చేయించి, ప్రతి సన్నివేశమునకును ప్రతి పాటకును పట్టు కాలమును స్టాప్‌వాచితో కొలిచి, చిత్రముయొక్క మొత్తము నిడివిని ముందే నిర్ణయించుకొనిరి. కలకత్తాలో ప్రకటనల సంస్థయందు చిత్రకారుడుగా నుండిన సత్యజిత్ రాయ్, 'పథేర్ పాంచాలి' నవలయొక్క బాలల సంగ్రహప్రతికి బొమ్మలు వేయుచుండగనే దానిని చిత్రముగా తీయు తలంపు పొంది, దృశ్యముల వరుసను రేఖలలో గీసికొని, 1955లో తెరకెక్కించెను. మన బాపుగారును పత్రికలకు బొమ్మలు వేసిన చేతితోనే 1967లో 'సాక్షి'కి దర్శకత్వము వహించిరి. సన్నివేశములను ముందుగా బొమ్మలుగా గీసికొని తీయుట వారి పద్ధతి. కాగితముమీది తప్పును చిన్న రబ్బరుముక్క చెఱపివేయును; కట్టిన గోడలోని తప్పునకు గడ్డపాఱ కావలయును.

అన్నిటికంటె సున్నితమైన పాఠము నాకు 1956 నాటి 'అపరాజితో' చిత్రమునందు లభించినది. కాశీలోని యొక యింటి నడవాకిలిని ఆరుబయట నిర్మింప దలచి, వానకాలపు భయమున స్టూడియోలోపలనే కట్టవలసి వచ్చినప్పుడు, ఆకసమునుండి దిగు నీడలేని మెత్తని వెలుతురు దీపములకు ఎట్లు అలవడునని ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర చింతించి, సెట్టుపైన తెల్లని గుడ్డను పందిరివలె కట్టి, దీపముల కాంతిని దానిపైకి ప్రసరింపజేసి, అచటినుండి క్రిందికి మరలించెను. చిత్రము చూచువాడు ఆ గుడ్డను ఎఱుగడు. అది పగటి వెలుగని నమ్మి, ఆ యింటివారి కష్టసుఖములలో లీనమగును. తన పనితనము కనబడకుండ పని జరిపించుటకు మించిన పనితనము లేదని ఆ తెల్లని గుడ్డ చెప్పుచున్నది.

అమెరికాలో సాల్ బాస్ అను రూపకర్త 1955 నాటి 'ది మాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' చిత్రమునకు పేర్లు కూర్చుచు, నల్లని తెరపై కదలు తెల్లని గీతలను చివరకు వంకరలు తిరిగిన చేతిగా మార్చి, మత్తుమందునకు బానిసయైన నాయకుని కథను కథారంభమునకు మునుపే సూచించెను. గడపలోనే ఇంటి స్వభావము తెలియవలయు ననుట దీని భావము. టెలివిజను నేర్పునది వేఱు: చీకటిగదిలో కట్టుబడి కూర్చున్న ప్రేక్షకుడు దానికి లేడు, వంటయింటి చప్పుళ్ల నడుమ, పిల్లల అల్లరి నడుమ, సగము మనస్సుతో చూచువానికి గూడ అది బోధపడవలయును. మన వస్తువులను వాడువా రందఱును అట్టివారే.

అయినను సినిమాలోని సమస్తమును అనుకరింపదగినది కాదు. 2002లో వచ్చిన 'మైనారిటీ రిపోర్ట్' చిత్రమున నాయకుడు చేతులకు తొడుగులు ధరించి, గాజుతెర యెదుట బాహువులు చాచి దృశ్యములను ఇటునటు త్రోయుట కన్నులపండువుగా నుండును. కాని దినమంతయు ఆ విధమున పని చేయవలసి వచ్చిన గుమాస్తా గంట గడువక మునుపే భుజములు పట్టుకొని కూర్చుండును. ప్రేక్షకునిది కన్ను మాత్రమే. వాడుకరిది కన్నును, చేయియు, ఓపికయును. ఈ భేదమును మఱచిన రూపకర్త చప్పట్లు పొందునేమో గాని, ఉపకారము చేయజాలడు.

కావున రూపకల్పన నేర్చుకొను యువతీయువకులకు నా విన్నపము ఒక్కటియే. మీకు ప్రియమైన చిత్రము నొకదానిని శబ్దము తీసివేసి మఱల చూడుడు. ప్రతి దృశ్యమునకడ ఆగి, నా చూపు మొదట ఎచ్చటికి పోయినది, అచటికి దానిని ఎవరు, ఏ వెలుగుతో, ఏ ఖాళీతో కొనిపోయిరి అని ప్రశ్నించుకొని వ్రాసికొనుడు. పిమ్మట మీరు గీసిన పుటను ముందుంచుకొని అదే ప్రశ్న వేయుడు. సమాధానము దొరకని చోటనే మీ పని మిగిలియున్నది.