మీకు తెలుసా? అర్ధవీటిలో ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తున నుండును!

నల్లమల యంచుననున్న అర్ధవీడు రమారమి 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నుండుటచేత, ధ్రువనక్షత్రమును అచట క్షితిజమునకు అంతే ఎత్తున, అనగా చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలను కప్పునని లెక్కించినచో పిడికిలిన్నర ఎత్తున, వెదకవలెను. కొండ అడ్డురాని చోట కెమెరాను ట్రైపాడ్‌పై కదలకుండ నిలిపి, ఆ దిక్కునకు గురిపెట్టి, గంటసేపు ఎడతెగక తీసిన చిత్రములను ఒకటిగా కూర్చినచో, భూభ్రమణవశమున చుట్టునున్న ప్రతి చుక్కయు 15 డిగ్రీల చాపమును గీయును.

చాపములు గాక బిందువులే కావలెనన్నచో, 500ను లెన్సు నాభ్యంతరముచే భాగింపగా వచ్చు సెకన్లకు మించి ఎక్స్‌పోజరు ఇయ్యరాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 20 మిల్లీమీటర్ల లెన్సునకు 25 సెకన్లు మించరాదు. చీకటిలో ఆటోఫోకస్ తరచు తడబడును గనుక, కాంతిమంతమైన యొక చుక్కను తెరపై పెద్దది చేసికొని, అది సూదిమొనంత యగువరకు లెన్సు వలయమును చేతితోనే మెల్లగా త్రిప్పవలెను.

మాఘమాసమున రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున, లండన్ వాసులకు ఎన్నడును ఉదయింపని అగస్త్య నక్షత్రము, ఇచట దక్షిణమున సుమారు 22 డిగ్రీల ఎత్తున ప్రకాశించును. వెన్నెల లేని రాత్రియైనచో తొలి ప్రయత్నమునకు ఇంతకంటె అనువైన నక్షత్రము అరుదు.

తెలుగునాట ఆకాశమును ఛాయాచిత్రములందు నిలుపుట నేటి ముచ్చట గాదు: 1868 ఆగస్టు 18న మేజర్ టెనెంట్ బృందము గుంటూరునుండి సంపూర్ణ సూర్యగ్రహణమును చిత్రించెను.