వాసన, కంపు, తావి: ఒక సెంటుసీసా చెప్పిన భాషాపాఠం

కోయంబత్తూరులో ఒక తెలుగువారి ఇంటికి మాండలిక పదాలు సేకరించటానికి వెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాము. ఆ ఇంటి ఆడవాళ్ళకు విదేశం నుంచి వచ్చిన బంధువులు ఒక సెంటుసీసా ఇచ్చారు. పండ్ల వాసనా పూల వాసనా కలిసిన రకమని దాని పెట్టె మీద రాసి ఉంది. ముగ్గురూ మణికట్టు మీద చల్లుకుని చూశారు. అవ్వ "మాగిన పనసతొన మాదిరి ఉండాది" అన్నది. కోడలు ఒప్పుకోలేదు. "లేదత్తా, సాయంత్రం విచ్చిన మల్లె" అన్నది. కాలేజీలో చదివే మనుమరాలు "నాకైతే షాంపూ వాసనే" అని తేల్చింది. వెంటనే మా వైపు తిరిగి, "వాసన అనకూడదు కదా సార్, పరిమళం అనాల కదా" అని సర్దుకున్నది.

ఎందుకలా అడిగావమ్మా అంటే చెప్పింది. హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్ళినప్పుడు తోటి అమ్మాయి జడలో పూలు చూసి, "మంచి వాసన కొడతా ఉండాది" అన్నదట. గదిలో అందరూ నవ్వారట. అప్పటినుంచి ఇంటి గడప దాటితే తెలుగు మాట్లాడటం మానేశానన్నది.

ఒకే సీసా ముగ్గురికి మూడు రకాలుగా ఎందుకు తోచింది? ఆ గదిలోని నవ్వులో న్యాయం ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం లేనట్లు కనిపిస్తుంది. రెండింటినీ వరసగా పరిశీలిద్దాం.

సీసాలో ఉన్నదేమిటి?

సుగంధ ద్రవ్యాలు తయారుచేసేవారు ఈ రకాన్ని ఫ్రూటీ ఫ్లోరల్ అంటారు. నిమ్మ, నారింజ వంటి పండ్ల తొక్కలో నూనె ఉంటుంది కాబట్టి పిండి తీయవచ్చు. పీచ్, పియర్, ఆపిల్ వంటి పండ్ల నుంచి అలా సెంటుకు పనికివచ్చే నూనె రాదు. అందువల్ల వాటి వాసనను ప్రయోగశాలలో తయారైన పదార్థాలతో కూర్చుతారు. మాగిన పీచ్ పండు వాసన ఉన్న గామా అండెకాలాక్టోన్ అనే పదార్థాన్ని 1919లో ఫ్రాన్సుకు చెందిన గెర్లాన్ సంస్థ మిత్సుకో అనే సెంటులో వాడింది. 1999లో డియోర్ సంస్థ విడుదల చేసిన జాడోర్ కూడా పియర్, పీచ్ వంటి పండ్ల వాసనను మల్లెజాతి పూల వాసనతో కలిపినదే. ఆడవాళ్ళ సెంట్లలో ఈ కలయిక ఈనాడు సర్వసాధారణం.

అసలు మల్లెలోనే పండు ఉన్నది. మల్లెల వాసనలో ప్రధాన భాగమైన బెంజైల్ ఎసిటేట్‌కు పియర్, అరటి పండ్లను గుర్తుచేసే గుణం ఉంది. ద్రాక్షపండు వాసన అనిపించే మిథైల్ ఆంత్రనిలేట్ కూడా మల్లెలో ఉంటుంది. వీటితోపాటు ఇండోల్ అనే మరో పదార్థం ఉంటుంది. ఇది కొద్దిపాటిగా ఉంటే పువ్వుకు నిండుదనం ఇస్తుంది. అదే ఎక్కువైతే ముక్కు మూసుకోవలసిందే, ఎందుకంటే మలంలో ఉండే దుర్వాసనకు కూడా ఇండోల్ ఒక కారణం. మంచి వాసనకూ చెడ్డ వాసనకూ మధ్య గోడ చాలా పలచనిదని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఈ విషయం మాటల దగ్గర మళ్ళీ పనికివస్తుంది.

కాబట్టి పనస అన్న అవ్వా, మల్లె అన్న కోడలూ ఇద్దరూ సీసాలో ఉన్నదాన్నే చెప్పారు. చల్లుకున్న వెంటనే ఎగిరిపోయే తేలిక పదార్థాలు కొన్ని, చర్మాన్ని పట్టుకుని గంటల తరబడి నిలిచేవి కొన్ని. ఎప్పుడు వాసన చూశారన్న దాన్నిబట్టి కూడా తీర్పు మారుతుంది.

విదేశీ సీసా అన్నాము కానీ అందులోని పువ్వు మనకు పరాయిది కాకపోవచ్చు. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. మొగ్గగా ఉన్నప్పుడే తెల్లవారుజామున కోస్తే సాయంత్రానికి విచ్చుకుంటుంది. తమిళనాడులో పండే మల్లెల్లో, జాజుల్లో కొంత భాగాన్ని ద్రావకాలతో ముద్దగా మార్చి సెంటు తయారీకి విదేశాలకు ఎగుమతి చేస్తారు. అక్కడ జాజిని పిచ్చి అంటారు. ఆంధ్రదేశం నుంచి కొత్తగా వచ్చినవారు మదురై పూలకొట్టులో "పిచ్చిపూ" అని వింటే ఒక్క క్షణం ఉలిక్కిపడతారు. ఒకే ధ్వని రెండు భాషల్లో రెండు దారులు పట్టటానికి ఇది తేలికైన ఉదాహరణ.

తలచుకున్న పండు

పండు వాసన గల పువ్వు మన పెరళ్ళలో ఎప్పటినుంచో ఉన్నది. అది మనోరంజితం. తెలుగులోనూ తమిళంలోనూ పేరు ఒకటే. ఇది సీతాఫలం కుటుంబానికి చెందిన మొక్క. సెంట్లలో విరివిగా వాడే ఇలాంగ్ ఇలాంగ్ పువ్వూ ఆ కుటుంబానిదే. మనోరంజితం పువ్వు మొదట ఆకుపచ్చగా ఉండి ఆకుల్లో కలిసిపోతుంది. పండుబారి పసుపురంగుకు తిరిగినప్పుడు ఇల్లంతా పండ్ల వాసన నిండుతుంది. ఏ పండును తలచుకుని వాసన చూస్తే ఆ పండు వాసనే వస్తుందని పెద్దవాళ్ళు పిల్లలకు చెబుతారు. ఒకరికి అరటి, ఒకరికి పనస, మరొకరికి మామిడి.

ఈ నమ్మకాన్ని మూఢనమ్మకమని తోసెయ్యకూడదు. 2001లో రేచల్ హెర్జ్, జూలియా వాన్ క్లెఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ఒకే పదార్థాన్ని ఒకసారి జున్ను వంటి తినే వస్తువు పేరుతో, మరొకసారి వాంతి పేరుతో వాసన చూపించారు. పదార్థం మారలేదు. పేరు మారగానే ఇష్టం అయిష్టంగా మారింది. మనోరంజితం గురించి మన అవ్వలు చెప్పిన మాట సారాంశం ఇదే: ముందుగా మనసులో ఉన్న పేరు ముక్కును నడిపిస్తుంది.

ముక్కులో కూడా తేడా లేకపోలేదు. వాసనలను పట్టే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో గుర్తించారు. ఆ పనికి 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఇటువంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు పనిచేస్తాయి. అవి అందరిలో ఒకే తీరుగా ఉండవు. ఒకరికి గట్టిగా తగిలే వాసన మరొకరికి ఆనకపోవచ్చు. ఆ పైన అనుభవం ఉన్నది. పనసచెట్టు కింద పెరిగిన అవ్వకు పనస గుర్తుకొచ్చింది. రోజూ మూర పూలు కొనే కోడలికి మల్లె గుర్తుకొచ్చింది. ఇటువంటి పరిమళాలను మొదట షాంపూసీసాలోనే ఎరిగిన మనుమరాలికి షాంపూ గుర్తుకొచ్చింది. ఆమె చెప్పిందీ తప్పు కాదు.

మాటల సంగతి

వాసనలకు మాటలు చాలవని చాలాకాలం పండితులు అనుకున్నారు. 2014లో ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ మలయా ద్వీపకల్పంలోని జహాయి భాషను పరిశీలించి, ఆ భాషవారు రంగులకు పేర్లు చెప్పినంత సులువుగా వాసనలకూ చెబుతారని చూపించారు. లోపం ముక్కులో లేదు, భాష ఇచ్చే అలవాటులో ఉన్నదన్నమాట. మరి తెలుగు ఏమి ఇస్తుంది?

మొదట వాసన. నేటి ఆంధ్ర, తెలంగాణ వాడుకలో ఇది తటస్థమైన మాట, కాస్త చెడువైపు ఒరుగుతుంది. "గదిలో వాసన వస్తోంది" అంటే ఏదో కుళ్ళిందని అర్థం. మంచిదని చెప్పాలంటే ముందు "సు" గానీ "మంచి" గానీ చేర్చాలి. "కొట్టు" అనే క్రియ చేరితే ఇక చెడ్డ అర్థమే. తమిళంలో దీనికి భిన్నంగా వాసనై అంటే మంచి వాసనే. "వాసనై అడిక్కుదు" అని పువ్వును మెచ్చుకుంటారు. అడి అంటే కొట్టు. ఆ అమ్మాయి అన్న "వాసన కొడతా ఉండాది"లో ఉన్నది ఈ నిర్మాణమే. హైదరాబాదులోని చెవులకు "మంచి", "కొట్టు" అన్న రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకున్నట్లు వినిపించాయి. నవ్వు వచ్చింది అందుకే.

అయితే పువ్వుకు వాసన అనటం తమిళం నుంచి తెచ్చుకున్న పొరపాటా? కాదు. వసుచరిత్రలో ముక్కును వర్ణించే ప్రసిద్ధ పద్యం మనకు తెలుసు. రకరకాల పూల వాసనలను అనుభవించే తుమ్మెద తనను మాత్రం ఎందుకు వద్దంటుందని బాధపడి, సంపెంగ తపస్సుచేసి స్త్రీ నాసికగా పుట్టిందని అందులో కల్పన. పూల సౌరభానికి ఆ పద్యంలో వాడినది వాసన అన్న మాటే. ఒకే పువ్వు మనిషికి ఇంపుగా, తుమ్మెదకు వెగటుగా ఉండటమే ఆ కల్పనకు మూలం కావటం కూడా గమనించదగ్గది.

కంపు సంగతి ఇంకా విచిత్రం. నేటి తెలుగులో కంపు దుర్గంధమే. పాత తెలుగులో ఇది మంచి వాసనకు కూడా చెల్లింది. కన్నడంలో కంపు నేటికీ సువాసనే. తమిళంలో పరిమళించటాన్ని చెప్పే కమళ్ అనే ధాతువూ, మన కమ్మని అనే మాటా ఈ కుటుంబానివే. ఒకే ఇంటి బిడ్డల్లో కమ్మన పేరు నిలుపుకున్నది, కంపు చెడిపోయింది.

తమిళంలో నాట్రం అనే మాటకూ ఇదే గతి పట్టింది. తిరుక్కురళ్ మొగ్గలో దాగిన పరిమళానికి ఈ మాటను వాడింది. మదురైకి దగ్గరలోని శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్, కృష్ణుడి నోటి పరిమళం కర్పూరంలా ఉంటుందా తామరలా ఉంటుందా అని శంఖాన్ని అడిగినప్పుడు వాడినది ఆ కుటుంబపు క్రియనే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కథానాయికగా నిలిపిన గోదాదేవి ఈమె. ఈనాటి తమిళంలో నాట్రం అంటే ముక్కు మూసుకుంటారు. కన్నడంలో నాత కూడా దుర్గంధమే. వాసనను తెలిపే మామూలు మాటలు కాలం గడిచేకొద్దీ చెడువైపు జారటం చాలా భాషల్లో ఉన్నదే. మంచి వాసన కోసం అప్పుడు కొత్త మాట వెతుక్కుంటారు. పరిమళం, సౌరభం వంటి సంస్కృత పదాల వ్యాప్తికి ఇదొక కారణం.

మరుగున పడిన అచ్చతెలుగు మాటలు రెండు. తావి ఇప్పుడు కవిత్వంలోనూ, "బంగారానికి తావి అబ్బినట్లు" అనే జాతీయంలోనూ మిగిలింది. వలపు అంటే ప్రేమ ఒక్కటే అనుకుంటాం. దానికి పరిమళమనే అర్థం కూడా ఉన్నదని నిఘంటువులు చెబుతాయి. తమిళంలో మణం అంటే పరిమళమూ, పెళ్ళీ కూడా. రెండు భాషలూ పరిమళాన్ని అనురాగం పక్కనే కూర్చోబెట్టాయి.

దక్షిణాది తెలుగు

మదురై నాయకుల పాలన 1529 ప్రాంతంలో మొదలై 1736 వరకు సాగింది. కోయంబత్తూరు ప్రాంతమూ వారి ఏలుబడిలో ఉండేది. ఆ కాలంలోనూ దానికి ముందూ వెనుకా సైనికులుగా, రైతులుగా, నేతపనివారుగా వచ్చి స్థిరపడిన కుటుంబాల తెలుగు నాలుగైదు వందల ఏళ్ళుగా తన దారిన నడిచింది. తెలుగునాట మాటల అర్థాలు జారిన క్రమంలో ఇక్కడివారు పూర్తిగా పాలుపంచుకోలేదు.

ఇక్కడ వాసన మంచి అర్థంలో నిలవటానికి పాతదాన్ని నిలుపుకోవటం కారణమా, తమిళ సంపర్కం కారణమా? ఈ ఒక్క మాటనుబట్టి రెండింటినీ విడదీయటం సాధ్యం కాదు. రెండూ ఒకే వైపు నెట్టాయి. ఏది ఎంత అయినా, నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉన్న వాడుకను తప్పు అనటానికి భాషాశాస్త్రం ఒప్పుకోదు. హైదరాబాదు వాడుక ఎంత తెలుగో ఇదీ అంతే తెలుగు. కేంద్రంలో ఉన్నవారికి తమ వాడుక ప్రమాణంగా తోచటం సహజం. అంచున ఉన్నవారు ఆ తీర్పును తలకెత్తుకుని నోరు మూసుకోవటం వల్ల మాత్రం నష్టం శాశ్వతం. సిగ్గుతో ఆపేసిన మాట మనుమరాలి దగ్గరే ఆగిపోతుంది, ఆమె బిడ్డకు చేరదు.

ఆ అమ్మాయికి మేము చెప్పినది ఇంతే. హైదరాబాదులో అపార్థం రాకూడదనుకుంటే "మంచి వాసన వస్తోంది" అను, సరిపోతుంది. ఇంట్లో అవ్వతో మాత్రం అవ్వ మాటే మాట్లాడు. రెండూ తెలిసినదానివి నువ్వు, నవ్వినవారికి తెలిసినది ఒకటే.

విద్యార్థులకు ఒక పని. మీ ఇంట్లో పెద్దవారికి ఒక మల్లెమొగ్గ, ఒక మాగిన పండు, కొద్దిగా సెంటు, వాన పడ్డ మట్టి వాసన చూపించండి. వారు అన్న మాటను దిద్దకుండా, వాక్యం మొత్తం, ఏ క్రియ వాడారో సహా రాసుకోండి. రెండు మూడు తరాలవారిని అడిగితే తేడా మీకే తెలుస్తుంది. ఇద్దరికి ఒకటి తోచకపోతే కంగారుపడవద్దు.

చివరగా ఒక మాట. సంస్కృతంలో వాసన అంటే ముక్కుకు తగిలేది మాత్రమే కాదు. గడిచిన అనుభవం మనసులో విడిచిన ముద్ర కూడా. పూర్వజన్మ వాసన అనటంలో మనం ఈ అర్థాన్ని ఈనాటికీ వాడుతున్నాం. ఆ రోజు మణికట్టు మీద అవ్వకు తగిలిన పనస, కోడలికి తగిలిన మల్లె, మనుమరాలికి తగిలిన షాంపూ, మూడూ ఈ రెండో అర్థంలో కూడా వాసనలే. ఆ అమ్మాయి సిగ్గుపడి వెనక్కు తీసుకున్న మాట కంటే అక్కడ సరిపోయే మాట మరొకటి లేదు.