లాజరు పేరున పుట్టిన మాట

ఇంగ్లీషులో 'లాజరెట్టో' అనే అరుదైన మాట ఉంది. అంటువ్యాధి ఉన్నవారిని వేరుగా ఉంచే ఆసుపత్రి అని దాని అర్థం. లూకా 16వ అధ్యాయంలో ధనవంతుని వాకిట కురుపులతో పడియున్న లాజరు పేరునుండే కుష్ఠు రోగిని ఇంగ్లీషులో 'లాజర్' అన్నారు. 1423లో వెనిస్ నగరం ప్లేగు రోగులకు ఒక ద్వీపంలో ఆసుపత్రి పెట్టింది. ఆ ద్వీపంలోని నజరేతు మరియమ్మ గుడి పేరు, లాజరు పేరు కలిసి 'లాజరెట్టో' అయిందంటారు.

నేడు కుష్ఠు రోగిని వెలివేయనక్కరలేదు. మందులు మొదలుపెట్టాక వ్యాధి ఇతరులకు అంటదు. 6 నుండి 12 నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం. ఒంటిమీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే దాచకండి, వెంటనే చూపించుకోండి. మన ఇంటి లాజరును వాకిట విడిచిపెట్టకుందాం.