ఎండలో అంకెలు కనబడుట యెట్లు?

పంట కోసి, కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ఎండబెట్టి కొనుగోలు కేంద్రమునకు తెచ్చిన ధాన్యము విలువ చివరకు రెండంకెల మీద నిలుచును. ఒకటి తేమ మిషను చూపు అంకె, రెండవది కాటా చూపు అంకె. మద్దతు ధరకు కొను వడ్లలో తేమ నూటికి 17 పాళ్ళు మించరాదు. మించినచో బస్తాలు వెనుకకు తీసికొనిపోయి మరల ఎండబెట్టవలెను. కూలి, బండి కిరాయి రైతు మీదనే పడును. కాటా వద్ద 40 కిలోల సంచికి ఒక్క కిలో తేడాగా చదివినను నూరు సంచులకు క్వింటాలు ధాన్యము పోవును.

ఈ రెండంకెలును ఇప్పుడు ఎలక్ట్రానిక్ తెరల మీదనే కనబడుచున్నవి. అవి చదువవలసినది గదిలో గాదు. కళ్ళములో, దుమ్ములో, ఎండలో. బొబ్బిలి చుట్టుపట్ల గ్రామములలో కోతల రోజులలో ఒక సంగతి తరచు చూచుచున్నాము. తెర కనబడక రైతు కన్నులు చిట్లించి చూచును. కాటా యొద్ద నున్నవాడు ఒక అంకె చెప్పును. రైతు తల ఊపును. ఇందులో మోసమున్నదని మేము చెప్పుట లేదు. కాని కంటితో చూడని అంకెకు ఒప్పుకొనుట మంచి పద్ధతి కాదు. తెర ఎండలో ఎందుకు వెలవెలబోవునో తెలిసికొన్నచో దానిని చదువుట కష్టము కాదు.

ఇందులో లెక్క చిన్నదే. నడినెత్తి ఎండలో నేల మీద పడు వెలుతురు సుమారు లక్ష లక్సులు. ఇంటి గదిలో దీపపు వెలుతురు రెండు మూడు వందల లక్సులు మాత్రమే. తెర మీది గాజుగాని, ప్లాస్టికుగాని తన మీద పడిన వెలుతురులో కొంత తిరిగి మన కంటికి పంపును. దుమ్ము పట్టి, గీతలు పడిన తెర నూటికి రెండు పాళ్ళు వెదజల్లినదనుకొందము. లక్ష లక్సుల ఎండలో అది సుమారు 640 నిట్ల కాంతి యగును (తెర కాంతిని కొలుచు ప్రమాణమునకు నిట్టు అని పేరు). సాధారణపు ఫోను తెర తనంతట తానిచ్చు కాంతి 500 నిట్ల ప్రాంతము. అనగా నల్లగా ఉండవలసిన చోటు 640, తెల్లగా ఉండవలసిన చోటు 1,140. నలుపుకు తెలుపు రెండింతలైనను లేదు; అక్షరము కంటికి ఆనదు.

ఎక్కువ సొమ్ము పెట్టి 1,000 నిట్ల తెర కొన్నామనుకొనుడు. అప్పుడు 1,640కి 640, రెండున్నర రెట్లు. అదే పాత 500 నిట్ల తెరను చెట్టు నీడకు తెచ్చినచో వెలుతురు పది వేల లక్సులకు దిగును. నలుపు 64, తెలుపు 564. దాదాపు తొమ్మిది రెట్లు! ఖరీదైన తెర కంటె కానుగచెట్టు నీడ మేలు. బ్యాటరీయు మిగులును.

బొబ్బిలి జంక్షనులో రైలు సిగ్నలు దీపములను చూడుడు. ప్రతి దీపము మీదను ముందుకు చాచిన నల్లని గొడుగు వంటి రేకు కన్పించును. సూర్యకాంతి దీపపు అద్దము మీద పడి, వెలగని దీపము వెలుగుచున్నట్లు డ్రైవరుకు తోచకుండుటకే ఆ రేకు పెట్టుదురు. కాటా తెరకును అట్టి రేకు ఒకటి వంచి కట్టుటకు ఖర్చు లేదు. పాత నూనె డబ్బా రేకునకు లోపలి వైపు నల్లరంగు పూసిన చాలును.

కాటాను ఏ దిక్కునకు త్రిప్పి పెట్టవలెననునది కూడ ముఖ్యము. బొబ్బిలి భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 18½ డిగ్రీలలో నున్నది. ఖరీఫు వడ్లు అమ్ము డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయమున ఉదయించి, మధ్యాహ్నము దక్షిణపు ఆకాశములో సగమెత్తున మాత్రమే నిలిచి, నైరృతిని అస్తమించును. కావున తెర ముఖము ఉత్తరమునకు త్రిప్పినచో దినమంతయు ఎండ దానిపై నేరుగా పడదు. రబీ పంట నాటికి లెక్క మారును. మే మాసములో సూర్యుడు మనకు నడినెత్తికి వచ్చును. అప్పుడు దిక్కుతో పని లేదు. పైన పందిరి ఉండవలెను.

తెరలన్నియు ఒక జాతివి కావు. కాటాలలో ఎక్కువగా ఎర్రని ఎల్.ఇ.డి. అంకెలుండును. ఇవి తమ కాంతితో తామే వెలుగును. చీకటిలో చక్కగా కనబడి ఎండలో పాలిపోవును. వాటి ముందు ఎర్రని పలక పెట్టుట అందము కొరకు గాదు. ఎండ ఆ పలక గుండా లోనికి పోయి, తగిలి, మరల బయటికి రావలెను. అనగా రెండు మారులు వడగట్టబడును. ఎర్రని అంకెల కాంతి ఒక్క మారే దాటును. అందువలన ఆ పలక వెలిసినచో మార్పించవలెనే గాని తీసి పారవేయరాదు.

రెండవ జాతి ఎల్.సి.డి. చేతి గడియారములలో, చిన్న లెక్కల మిషనులలో బూడిదరంగు పలకపై నల్లని అంకెలు చూచియున్నారు గదా, అదే. దీనికి సొంత వెలుగు లేదు. వెనుకనున్న పలక నుండి తిరిగివచ్చు వెలుతురుపై అంకెలు నల్లగా నిలుచును. కావున ఎండ ఎంత యున్న అంత స్పష్టము. సాయంకాలము మాత్రము వెనుక దీపము లేనిదే కనబడదు. కళ్ళములో తేమ మిషను కొనువారు ఈ నల్లని అంకెల రకమును, వెనుక దీపముతో కలిసినది కోరుట మంచిదని నా అభిప్రాయము. నీలి పలకపై తెల్లని అంకెలు చూపు రకము దుకాణములో ముచ్చటగా నుండును. ఎండలో ఎందుకును కొరగాదు.

ఈ ఎల్.సి.డి.లో నున్నది ద్రవస్ఫటికము. దీనిని 1888లో మొదట గమనించినవాడు రైనిట్జర్ అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు. క్యారెట్టు దుంప నుండి తీసిన పదార్థముతో ప్రయోగము చేయుచు, అది ఒక వేడి వద్ద కరిగి మసకగా నుండి, మరికొంత వేడి వద్ద తేటపడుట చూచెను. ఆ గుణమే నేటికిని తెరలకు బలహీనత. వేడి హద్దు మీరినచో లోని ద్రవము తన అమరిక కోల్పోవును, అంకెలు చెరగును. మూసిన జీపులో ముందు అద్దము క్రింద మిషను పెట్టి మరచినచో ఇట్లే యగును. చాలవరకు చల్లారిన పిదప మరల వచ్చును. పదే పదే అట్లు కాగినచో తెర చెడును.

చల్లని కండ్లద్దములు పెట్టుకొను వారికి ఒక మాట. కొన్ని అద్దములు, ఎల్.సి.డి. తెరలు ఒకే విధముగా వెలుగును ఒక్క దిశలోనే పోనిచ్చును. రెండును అడ్డముగా కలిసినచో తెర పూర్తిగా నల్లబడును. మిషను చెడినదని గాబరా పడక అద్దములు తీసి చూడుడు.

అంకె కనబడుట వేరు, సరియైన అంకె కనబడుట వేరు. ప్రతి అంకెయు ఏడు చిన్న గీతలతో ఏర్పడును. ఒక్క గీత వెలగకున్నను, ఎండలో ఆనకున్నను ఒక అంకె మరియొకటి యగును. 7లో పై గీత పోయిన 1 వలె నుండును. తేమ 17 ఉన్న ధాన్యము 11 చూపును. 8లో నడిమి గీత పోయిన సున్న యగును. ఎడమ క్రింది గీత పోయిన 9 యగును. 48 కిలోలు 40గా చదువబడుటకు ఒక్క గీత చాలును. ఇందుకే అనేక మిషనులు మీట వేయగానే వరుసగా ఎనిమిదులు చూపును, లేదా సున్న నుండి తొమ్మిది వరకు అన్ని అంకెలు త్రిప్పి చూపును. అది మిషను తనను తాను పరీక్షకు నిలుపుకొనుట. రైతు సోదరులు తూకమునకు ముందు కాటా ఒకమారు ఆర్పి వెలిగించుమని అడిగి, ప్రతి ఎనిమిదిలో ఏడు గీతలు వెలిగినవో లేదో చూచుకొనవలెను. అడుగుటకు మొగమాటమక్కరలేదు. అమ్మువానికి కొనువానికి ఇద్దరికిని తూకము కనబడవలెను. ఎలక్ట్రానిక్ కాటాను ఏటికొకమారు తూనికలు కొలతల శాఖవారిచే తనిఖీ చేయించి ముద్ర వేయించవలెను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింది నిబంధన ఇది.

గ్రామాధికారులకు ఫోను విషయము. ఈ-పంట నమోదు పొలములోనే జరుగవలెను. సర్వే నెంబరులో ఒక్క అంకె తప్పినచో కొనుగోలునకు, పంట నష్ట పరిహారమునకు ఆ రైతు పేరు వెదకినను దొరకదు. నల్లని పలకపై తెల్లని అక్షరముల అమరిక పొలములో వాడరాదు. తెల్లని పలకపై నల్లని అక్షరములే ఎండకు నిలుచును. తెరపై నల్ల గొడుగు వంచి పట్టుకొనిన ఆకాశపు ప్రతిబింబము కూడ తగ్గును. ఫోను కాగినచో తనను కాపాడుకొనుటకు తెర కాంతిని తానే తగ్గించుకొనును. మోటారు సైకిలు టాంకు మీద పెట్టుట మానిన చాలవరకు ఈ బాధ తప్పును. నమోదు ముగించుటకు ముందు నెంబరు, విస్తీర్ణము పైకి చదివి రైతుచే ఔననిపించుకొనవలెను.

కొత్త మిషను కొనునప్పుడు దానిపై ఐ.పి. అను అక్షరముల ప్రక్కనున్న రెండంకెలు చూడుడు. మొదటిది దుమ్మునకు, రెండవది నీటికి. మొదటి అంకె 6 అయినచో దుమ్ము లోనికి బొత్తిగా పోదు; 5 అయినచో కొద్దిగా పోయినను పని చెడదు. రెండవ అంకె 4 అయినచో చిందిన నీటికి, 5 అయినచో గొట్టముతో కొట్టిన నీటికి ఓర్చును. కళ్ళములో వడ్ల నుసి సన్నము, గరుకు, ఐ.పి. 54కు తగ్గినది కొనవలదు. తెరను తుడుచునప్పుడు ముందు నుసిని ఊది, తడి మెత్తని గుడ్డతో అద్దవలెను. పొడిగుడ్డతో రుద్దిన ఆ నుసియే గీతలు పెట్టును. కిరసనాయిలు, రంగు థిన్నరు తగిలినచో ప్లాస్టికు పలక తెల్లబారి పగుళ్ళు తీయును. అట్టి పలకను మార్చుట తప్ప వేరు దారి లేదు.