మేట్రనమ్మ వస్తున్నది!

పొడవాటి వార్డు. అటొక వరస, ఇటొక వరస మంచాలు. నర్సులు సర్దిన దుప్పటే మళ్ళీ సర్దుతున్నారు. సిస్టరుగారికి కాలు నిలవడం లేదు. అంతకు నిమిషం క్రితం వరకు పందేలతో, పరాచికాలతో సంతలా ఉన్న ఆ గదిలో మగవాళ్ళందరూ, బళ్ళోకి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పటి పిల్లల్లాగా బుద్ధిమంతులైపోయారు. తలుపు తెరుచుకున్నది. తేరు కదిలి వీధిలోకి వచ్చినట్టు ఒక నిండైన విగ్రహం లోపలికి నడిచి వచ్చింది. కేకలు లేవు, కసుర్లు లేవు. అటొక చూపు, ఇటొక చూపు. అంతే!

ఆవిడే మేట్రన్. ఆ చిత్రం పేరు ‘కారీ ఆన్ నర్స్’. 1959లో ఇంగ్లండులో విడుదలయింది. ఆ ఏడాది ఆ దేశంలో అన్నిటికన్న ఎక్కువ వసూలు చేసిన చిత్రం అదే. కోటి మందికి పైగా టిక్కెట్లు కొని చూశారు. చూడబోతే అందులో రంగులు లేవు, పాటలు లేవు, గంటన్నర నిండకుండానే అయిపోతుంది. కథ అని చెప్పుకోదగ్గ కథైనా లేదు. కొందరు మగవాళ్ళు జబ్బుచేసి ఆస్పత్రిలో చేరతారు, నయమై ఇళ్ళకు పోతారు. మరి జనం ఎందుకు విరగబడి చూసినట్టు?

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. ‘కారీ ఆన్’ అనేది పటాలంలో మాట. పై అధికారి వచ్చి తనిఖీ చేసి, వెళ్ళబోతూ, ‘ఊఁ, ఇక మీ పని కానివ్వండి’ అని కింది వాళ్ళతో అనే మాట అది. 1958లో సైనిక శిక్షణ మీద ‘కారీ ఆన్ సార్జెంట్’ అని ఒక హాస్య చిత్రం తీస్తే అది తీసినవాళ్ళే ఆశ్చర్యపడేటట్లు ఆడింది. ఆ ఊపులో ఆ ఏడాది చివరనే పైన్‌వుడ్ స్టూడియోలో ఈ నర్సుల చిత్రం మొదలుపెట్టారు. తరువాత ఆ గొలుసు తెగనే లేదు. 1978 దాకా 30 చిత్రాలు, 1992లో మరొకటి.

నిర్మాత పీటర్ రోజర్స్. దర్శకుడు జెరాల్డ్ థామస్. ఇక్కడ ఒక చిన్న ఇంటి గుట్టు ఉన్నది. వీరికి అయిదేళ్ళ ముందు, 1954లో, వైద్య విద్యార్థుల మీద ‘డాక్టర్ ఇన్ ది హౌస్’ అనే చిత్రం వచ్చి ఇంగ్లండును ఊపేసింది. దాని నిర్మాత బెటీ బాక్స్. ఆమె ఎవరో కాదు, పీటర్ రోజర్స్ భార్య! దాని దర్శకుడు రాల్ఫ్ థామస్ మరెవరో కాదు, మన జెరాల్డ్‌కు అన్నగారు! అంటే ఒక ఇంట్లో ఇల్లాలు అన్నగారిని పెట్టుకుని డాక్టర్ల కథ తీస్తే, ఇంటాయన తమ్ముణ్ణి పెట్టుకుని నర్సుల కథ తీశాడన్నమాట. భోజనాల దగ్గర ఎవరి ఆస్పత్రి గొప్ప అని వాదించుకునేవారేమో, ఆ దంపతులకే తెలియాలి.

ఇంతకూ ఈ నవ్వుల చిత్రానికి మూలం నవ్వు కాదంటే ఎవరైనా నమ్ముతారా? ‘రింగ్ ఫర్ క్యాటీ’ అని పాట్రిక్ కార్గిల్, జాక్ బీల్ అనే ఇద్దరు రాసిన నాటకం ఉన్నది. అది క్షయ రోగుల శానిటోరియంలో జరిగే కథ. క్షయ అంటే ఆ తరం వాళ్ళకు చావుకు మారు పేరు. స్ట్రెప్టోమైసిన్ వగైరా మందులు అప్పుడప్పుడే వచ్చి ఆ భయాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తున్న కాలం. ఆ నాటకం హక్కులు చేతిలో పెట్టుకుని రచయిత నార్మన్ హూడిస్ ఏం చేశాడయ్యా అంటే, అందులోంచి చావును తీసేసి వార్డును మాత్రం ఉంచుకున్నాడు. క్షయకు బదులు అపెండిసైటిస్, విరిగిన కాలు, దెబ్బతగిలిన చెయ్యి. అంటే, బతికి బయటపడతాం అని ప్రేక్షకుడికి ముందే హామీ ఇచ్చాడు. నవ్వాలంటే ఆ హామీ కావాలి గదా! హూడిస్ భార్య నర్సు. వార్డులో జరిగే చిన్న చిన్న సంగతులు ఆమె నోటి నుంచి వచ్చినవే. ఆ చిత్రంలో నర్సుల కాళ్ళ నొప్పులు, విసుగులు, ఒకరి తప్పు ఒకరు కప్పుకోవడాలు నిజంగా కనిపిస్తాయంటే ఆ పుణ్యం ఆమెదే.

మూలకథను మాత్రం వాళ్ళు మరిచిపోలేదు. 1962లో అదే నిర్మాత, అదే దర్శకుడు, అదే రచయిత ఆ నాటకాన్నే మళ్ళీ పట్టుకుని, ఈసారి క్షయను క్షయగానే ఉంచి, ‘ట్వైస్ రౌండ్ ది డాఫొడిల్స్’ అని తీశారు. డాఫొడిల్ అంటే అక్కడ వసంతంలో పూసే పసుపుపచ్చని పువ్వు. తోటలో ఆ పూలచుట్టూ రెండుసార్లు తిరిగి రాగలిగితే రోగికి ఒంట్లో బలం వచ్చినట్టు. అదే పువ్వు ‘కారీ ఆన్ నర్స్’లో ఇంకొక పనికి ఉపయోగపడింది. దాని సంగతి తరువాత.

వార్డులో ఎవరెవరున్నారో చూడండి. పేగు నొప్పితో వచ్చిన పత్రికా విలేఖరి, చెయ్యి దెబ్బతిన్న బాక్సరు, కాలికి కట్టు కట్టి పైకి వేలాడదీసిన కాయకష్టం మనిషి, చెవులకు రేడియో తగిలించుకుని లోకాన్ని మరిచిన మరొకడు, పెద్ద పెద్ద పుస్తకాల్లోంచి తలెత్తని మేధావి. ఇంకెక్కడా వీళ్ళు ఒక బల్ల ముందు కూర్చోరు. ఇక్కడ పక్క పక్క మంచాల మీద, ఒకే రకం పైజమాల్లో ఉన్నారు. ఈ వింతకు చరిత్ర ఉన్నది. 1948 జూలై 5న ఆ దేశంలో అందరికీ ఉచిత వైద్యం మొదలయింది. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ పట్టుబట్టి తెచ్చిన పథకం. చిత్రం వచ్చేనాటికి దానికి పదేళ్ళు దాటాయి. డబ్బున్నవాడు, లేనివాడు ఒకే సిస్టరుకు భయపడటం అనేది ఆ పదేళ్ళ జీవితం. అయితే డబ్బిచ్చి విడి గది తీసుకునే వీలును కూడా బెవన్ ఉంచాడు, పెద్ద డాక్టర్లు ఒప్పుకోవాలి గదా! చిత్రంలో ఆ విడి గదిలో ఒక కర్నలుగారుంటారు. రోజంతా గుర్రప్పందేలు, గంట నొక్కి నర్సులను ఆడించడం. విల్‌ఫ్రిడ్ హైడ్-వైట్ ఆ పాత్రను చిరునవ్వు చెరగకుండా పోషించాడు. తరువాత 1964లో ‘మై ఫెయిర్ లేడీ’లో కర్నల్ పికరింగ్ ఈయనే.

మేధావి పాత్ర కెనెత్ విలియమ్స్‌ది. ముక్కుపుటాలు ఎగరేసి మాట్లాడటం ఆయన సొత్తు. ఈ నియమం ఎందుకు అని మేట్రన్‌ను నిలదీసే ధైర్యం వార్డులో ఈయనొక్కడికే ఉంటుంది. అంతటి బుద్ధిశాలి చివరకు ఏం చేశాడు? బొటనవేలి దగ్గర ఎముక పొంగి బాధపడుతున్న ఒకడికి ఆపరేషను వాయిదా పడితే, వాడు తెప్పించిన షాంపేన్ తాగిన మత్తులో, రాత్రివేళ, పుస్తకం చూసి తానే కోస్తానని కత్తి పట్టుకుంటాడు! తోటి రోగులే సహాయకులు. మత్తు కోసం తెచ్చిన వాయువు గదంతా నిండి, కోసేవాడూ, కోయించుకునేవాడూ, పట్టుకున్నవాళ్ళూ పడి పడి నవ్వుతారు.

అది నైట్రస్ ఆక్సైడ్. 1799 ప్రాంతంలో హంఫ్రీ డేవీ దానిని తానే పీల్చి చూసి, దానిలోని నవ్వును లోకానికి చెప్పాడు. మన భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. స్మితం, హసితం పెద్దమనుషులవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. ఆ వాయువు పీల్చిన అయిదు నిమిషాలలో మేధావిగారు మొదటి మెట్టు నుంచి ఆరో మెట్టు దాకా దొర్లిపోవడం చూస్తే, భరతుడి లెక్క పుట్టుకకు సంబంధించింది కాదనీ, గాలికి సంబంధించిందనీ తోస్తుంది. ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు బాగా నవ్వారు. ఏ రకం నవ్వో నేను లెక్కపెట్టలేదు.

ఇక పువ్వు. కర్నలుగారి ఆగడాలు పడలేక ఇద్దరు నర్సులు ఉపాయం పన్నుతారు. మీకు జ్వరం చూడాలి, ఈసారి నోట్లో కాదు, బోర్లా పడుకోండి అంటారు. ఆయన పడుకుంటాడు. థర్మామీటరుకు బదులు ఒక డాఫొడిల్‌ను ఉంచి వాళ్ళు జారుకుంటారు. అప్పుడే మేట్రన్ వస్తుంది. పత్రిక ఇంటిల్లిపాదీ చదివేది గనుక ఇంతకన్న వర్ణించను. ఆ దృశ్యంలో కెమెరా కూడా నాలాగే మర్యాద పాటించింది. చూపించవలసినది చూపించకుండా మేట్రన్ ముఖం చూపించింది. ఆ ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా కొంచెమే. ఇలా జ్వరం చూడటం చాలాసార్లు చూశాను గాని, పువ్వుతో చూడటం మాత్రం ఎరగను అన్న ధోరణిలో ఒక మాట అంటుంది. చిత్రం అక్కడితో సరి.

ఆ మేట్రన్ హాటీ జాక్విస్. పుట్టింది 1922లో. యుద్ధకాలంలో లండను మీద బాంబులు పడుతున్న రోజుల్లో రెడ్‌క్రాస్ తరఫున నర్సుగా పనిచేసిన మనిషి. ఆ నడకలో, ఆ చూపులో నటన ఎంతో, జ్ఞాపకం ఎంతో చెప్పలేం. ‘కారీ ఆన్ నర్స్’లో ఆవిడ కనిపించేది కాసేపే. కాని ఆ కాసేపు జనం మనసులో ఎంతగా నాటుకున్నదంటే, 1967లో, 1969లో డాక్టర్ల మీద తీసిన చిత్రాల్లోనూ ఆవిడనే మేట్రన్‌గా పెట్టారు. 1972లో చిత్రానికి పేరే ‘కారీ ఆన్ మేట్రన్’ అని పెట్టారు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ పేరుతో చిత్రం వచ్చేనాటికి నిజమైన ఆస్పత్రుల్లో మేట్రన్ మాయమైపోతున్నది. 1966లో బ్రయన్ సామన్ అనే ఆయన అధ్యక్షతన ఒక సంఘం నివేదిక ఇచ్చింది. ఆయన డాక్టరు కాదు; టీ హోటళ్ళకు పేరుపడ్డ లయన్స్ కంపెనీ డైరెక్టరు. ఆ నివేదిక ప్రకారం మేట్రన్ బిరుదు పోయి, అంకెల మెట్లతో నర్సింగ్ ఆఫీసర్లు వచ్చారు. ఏడో గ్రేడు, ఎనిమిదో గ్రేడు, ఇలా. కాగితం మీద చక్కని ఏర్పాటే. కాని వార్డులో నేల మురికిగా ఉంటే ఎన్నో గ్రేడును అడగాలి? ముప్ఫై ఏళ్ళు గడిచాక, ఆస్పత్రుల్లో అంటురోగాల భయం పెరిగాక, మేట్రన్‌ను మళ్ళీ తీసుకురండి అని జనం గోల పెట్టారు. 2000లో ప్రభుత్వం ఒప్పుకుంది. 2001 నుంచి ‘కొత్త మేట్రన్లు’ వచ్చారు. వార్డు శుభ్రత వాళ్ళ ముఖ్య బాధ్యతల్లో ఒకటి. అప్పుడు పత్రికలు ఎవరి బొమ్మ వేశాయో చెప్పాలా? 1980లోనే చనిపోయిన హాటీ జాక్విస్‌ది. ఎవరిని చూసి వాళ్ళ తాతలు నవ్వారో ఆమె కోసమే మనవలు అర్జీ పెట్టుకున్నారు.

నేను ఈ చిత్రం చూసింది మా అమ్మతో. కిందటేడు అమ్మకు తుంటి ఎముక విరిగి ఒక పెద్ద ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నాం. అద్దాల మేడ, చల్లని గాలి, గుమ్మంలో నమస్కారం పెట్టే మనిషి. అన్నీ ఉన్నాయి. రాత్రి రెండు గంటలకు సెలైను అయిపోయి సీసా ఖాళీగా వేలాడుతుంటే మాత్రం, ఒకరు ‘నా డ్యూటీ కాదండీ’ అన్నారు, ఇంకొకరు ‘కింద కౌంటర్లో అడగండి’ అన్నారు. కింద కౌంటరాయన బిల్లు సంగతి మాట్లాడాడు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆ అమ్మాయిలు రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నారని తరువాత తెలిసింది. అడగడానికి ఒక మనిషి లేదు, అంతే.

ఇంటికి వచ్చాక, నవ్వితే అమ్మకు మంచిదని ఈ చిత్రం పెట్టాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చాను. రోగులే ఆపరేషను చేసే చోట నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు సరిగదా, ‘అయ్యో, వాడి కాలు కోసేస్తారేమోరా!’ అని కంగారుపడింది. పువ్వు దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేట్రన్ వార్డు తనిఖీకి వచ్చిన చోట మాత్రం చెయ్యి చాపి నన్ను మాట్లాడవద్దన్నది. సిస్టరు హడలిపోవడం, నర్సులు గోడకు అంటుకుపోవడం, అన్నీ రెప్పవేయకుండా చూసింది.

‘ఎవర్రా ఆవిడ?’

‘మేట్రన్ అమ్మా. అందరికీ ఆవిడంటే హడలు. అదే తమాషా.’

‘తమాషా ఏముంది? సీసా అయిపోతే ఆవిడకు తెలుస్తుంది’ అన్నది అమ్మ. కాసేపు ఊరుకుని, ‘ఏదీ, ఆవిడ వచ్చేది ఇంకోసారి పెట్టు’ అన్నది.