తలలో నున్నని మచ్చ – తేలికగా తీసుకోకండి

తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడితే మన ఊళ్ళలో వెంటనే దానికి పెట్టే పేరు పేనుకొరుకుడు. ఒకరు గురివింద గింజ అరగదీసి రాయమంటారు. ఇంకొకరు గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటారు. అలా ఆరు నెలలు గడిచిపోతాయి. కొందరికి ఆ ఆరు నెలలే తీరని నష్టం తెస్తాయి. కనుక ఈ సంగతి ప్రతి కుటుంబానికీ తెలియాలని కోరుతున్నాము.

పేనుకొరుకుడులో వెంట్రుక రాలినా కుదురు బ్రతికే ఉంటుంది. చాలామందికి జుట్టు మళ్ళీ వస్తుంది. అయితే కుదురునే చంపే వ్యాధులు వేరే ఉన్నాయి. వెంట్రుకను తిరిగి పుట్టించే మూలకణాలు కుదురు పైభాగంలో, నూనె గ్రంథి దగ్గర ఉంటాయి. లోపలి వాపు వలన అవి నశిస్తే, కాలిన పుండు మానినట్లు అక్కడ మచ్చ కడుతుంది. ఆ తరువాత ఏ నూనె రాసినా అక్కడ వెంట్రుక మొలవదు.

ఈ తేడాను ఇంట్లోనే కొంత గుర్తించవచ్చు. మంచి వెలుతురులో చూడండి. వెంట్రుక రంధ్రాలు కనబడకుండా చర్మం నున్నగా మెరుస్తున్నదా? అంచున ఎరుపు, పొలుసులు, దురద, మంట, చీము ఉన్నాయా? ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఇటువంటి వ్యాధులలో డిస్కాయిడ్ లూపస్ ఒకటి. ఇది ఎండ తగిలితే ఎక్కువవుతుంది. లైకెన్ ప్లానోపైలారిస్ అనేది నడివయసు స్త్రీలలో ఎక్కువ. ఈ రెండూ అంటువ్యాధులు కావు. పిల్లలకు తలలో తామర ముదిరి, చీముగడ్డలా మెత్తగా ఉబ్బినా మచ్చ పడవచ్చు. ఇది మాత్రం అంటుకుంటుంది. దీనిని కోయించకూడదు. పైపూత మందు ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పినన్ని వారాలు మాత్రలు మింగించాలి.

చర్మవ్యాధుల డాక్టరు మత్తు సూది వేసి, సుమారు 4 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతారు. భయపడవలసిన పని లేదు. లూపస్, లైకెన్ వ్యాధులకు స్టెరాయిడ్ పూతలు, మచ్చ అంచున సూదిమందు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతారు. ఈ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారు కంటి పరీక్ష తప్పక చేయించుకోవాలి. స్టెరాయిడ్లను సొంతంగా కొని వాడరాదు. జిల్లా కేంద్రాలలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఈ చికిత్స పోయిన జుట్టును తెచ్చేది కాదు, ఉన్న జుట్టును కాపాడేది. వెంట్రుకలు నాటించుకోదలచినవారు వ్యాధి పూర్తిగా అణగి ఏడాది రెండేళ్ళు గడిచేదాకా ఆగాలి. అప్పుడైనా వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉంది.

ఇక గురివింద గింజ సంగతి. దానిలో అబ్రిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది. పుండు పడిన తలకు దానిని రాయవద్దు.

ఆరాధనలో ముసుగు వేసుకునే మన స్త్రీలకు ఈ మచ్చ ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల అయితే సిగ్గుతో అసలే చెప్పదు. తల దువ్వే తల్లి, జడ వేసే అక్క, నూనె రాసే కోడలు ముందుగా చూడగలరు. చూసినప్పుడు ఎగతాళి చేయక, అదే వారం డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకొని వెళ్ళండి. మిగిలిన జుట్టు నిలిచేది ఆ తొందర వల్లనే.