వాడుక పోకుండా వ్యాపారం

పల్లెల్లో ప్రతిరోజూ పాలు పోయించుకునే ఇళ్లను ‘వాడుక ఇళ్లు’ అంటారు. ఎవరికి ఎన్ని లీటర్లు కావాలి, ఎవరింట పసిబిడ్డ ఉన్నది, ఏ ఇంటికి పండుగనాడు అదనంగా పోయాలి అన్న సంగతులు పాలు పోసే మనిషికి కాగితం చూడకుండానే తెలుస్తాయి. ఒకనాడు పాలు పలచబడితే ఆ ఇంటి ఇల్లాలు ముఖం మీదే అడుగుతుంది. మరునాడు సరిచేస్తే వాడుక సాగుతుంది. అడగడం మానిందంటే మాత్రం వాడుక పోయినట్లే.

ఇంట తయారైన వస్తువులను ఫోను ద్వారా దూరప్రాంతాలకు అమ్మే కుటుంబాలు నేడు సరిహద్దు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. వీరిలో అనేకులు మొదటి నెలల్లో ఉత్సాహంగా అమ్మి, ఆ తరువాత ఆర్డర్లు రాక నిరాశపడుతుంటారు. కొత్తవారిని వెదకడంలో పడి, ఒకసారి కొన్నవారిని మరచిపోవడమే చాలాసార్లు ఇందుకు కారణం.

తుంగభద్ర ఆనకట్ట నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి వచ్చి సింధనూరు, గంగావతి, సిరుగుప్ప ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి క్యాంపులో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి చేసి పంపే ఒక ఇల్లాలిని ఉదాహరణగా తీసుకోవచ్చు. హోసూరు, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం కుటుంబాలకూ ఈ విషయం ఇంచుమించు ఇలాగే వర్తిస్తుంది.

ఆమె పచ్చడిని కొనేవారు ముందుగా రుచి చూడలేరు, ఆమె వంటిల్లు చూడలేరు. ధరలో పెద్ద కంపెనీలతో ఆమె పోటీపడలేదు. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మితే కొన్నవారి ఫోను నంబరు సాధారణంగా ఆమె చేతికి రాదు. ఆ కొనుగోలుదారు ఆ అంగడి మనిషిగానే మిగిలిపోతారు. నేరుగా ఫోనులో ఆర్డరు ఇచ్చే నలభై, యాభై ఇళ్లే ఆమె అసలైన పెట్టుబడి.

ఈ పెట్టుబడిని కాపాడుకోవడానికి మొదటి సాధనం ఒక నోటుపుస్తకం. ఇంటికి ఒక పుట కేటాయించాలి. వారు ఏ భాషలో మాట్లాడతారు, ఏ సీసా ఎప్పుడు పంపినది, కారం తగ్గించమన్నారా, వెల్లుల్లి తినని ఇల్లా, పగటివేళ పార్సిలు అందుకునేది ఎవరు, గతంలో ఏ లోటు చెప్పారు అన్నవి అందులో వ్రాయాలి. మన దేశంలో 2018లో ప్రవేశించిన వాట్సాప్ బిజినెస్‌లో ఒక్కొక్కరి పేరుకు గుర్తులు తగిలించే వసతి ఉన్నది గాని, ఫోను నీళ్లలో పడిననాడు కూడా పుస్తకం మిగులుతుంది. వెల్లుల్లి తినని ఇంటికి మూడోసారి కూడా అడగకుండానే వెల్లుల్లి లేని సీసా చేరితే, ఆ ఇల్లు మరో చోటికి పోవడం కష్టం. ఈ పుస్తకం ఇతరులకు ఇవ్వతగినది కాదు. పొరుగింట చీరలు అమ్ముకునేవారు అడిగినా ఆ నంబర్లు ఇవ్వరాదు. వాటిని ఇచ్చినవారు పచ్చడి కోసమే ఇచ్చారు.

రెండవది భాష. ఇది సరిహద్దు కుటుంబాలకు పుట్టుకతో వచ్చిన సొత్తు. బెంగళూరులోని కన్నడ ఇంటికి ఆవకాయ పంపేటప్పుడు, మిడి మామిడికాయల ఉప్పినకాయికి అలవాటుపడిన నాలుకకు ఆవపిండి ఘాటు కొత్తగా ఉంటుందనీ, ముక్క ఊరడానికి కొన్ని రోజులు పడుతుందనీ, పైన నూనె తేలి ఉండటం చెడిపోయిన గుర్తు కాదనీ కన్నడంలో ఒక్క చీటీ వ్రాసి పెడితే సగం అనుమానాలు పుట్టకముందే తీరుతాయి. యంత్రం చేసిన అనువాదాన్ని పంపడం కంటే వచ్చీరాని కన్నడమే మేలు. ‘అక్కా’ అన్న పిలుపు రెండు భాషలకూ సరిపోతుంది. పెద్దవారిని ‘అమ్మా’ అనవచ్చు. అయితే మొదటి పరిచయంలోనే చనువు తీసుకోవడం పట్నంవాసులందరికీ రుచించదు. వారు ‘గారు’ అంటున్నంత కాలం ఇటునుండి కూడా ‘గారు’ ఉండటమే మర్యాద.

అసలైన పరీక్ష ఫిర్యాదు వచ్చిననాడు. మూత వదులై నూనె కారి, పెట్టె అంతా తడిసిందని హైదరాబాదు నుండి ఒక ఫొటో వచ్చిందనుకుందాం. ‘ఇక్కడ గట్టిగానే బిగించాం, దారిలో ఏమైందో’ అన్న మాట నిజమే కావచ్చు. కాని ఆ నిజం ఎదుటివారికి అక్కరలేదు. ‘అమ్మా, ఫొటో చూశాను. మీ ఇంట్లో బట్టలు కూడా పాడై ఉంటాయి, క్షమించండి. రేపటి టపాలో వేరే సీసా పంపుతాను, డబ్బు వద్దు. ఈసారి మూతకు లోపల సీలు వేసి కవరులో పెడతాను’ అన్న నాలుగు మాటలు ఆనాడే చేరాలి. కిలో సీసా ధర 500 రూపాయలు, తయారీ ఖర్చు 350 అనుకుంటే, మరో సీసా టపా ఖర్చుతో కలిపి 450 రూపాయల నష్టం. ఏడాదికి నాలుగు సీసాలు కొనే ఇల్లు 600 రూపాయలు మిగుల్చుతుంది. వాదించి గెలిస్తే 450 మిగిలి, ఆ 600 ఏటేటా పోతుంది. ఆ ఇల్లు తన చుట్టాలకు చెప్పే మాట ఈ లెక్కలో చేరనే లేదు.

చట్టం కూడా ఫిర్యాదును తేలికగా చూడలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మేవారు 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. కొనుగోలుదారుల వేషంలో తమ సరుకును తామే పొగుడుకొని వ్రాసుకోవడాన్ని కూడా ఆ నిబంధనలు నిషేధించాయి. ప్రతి సీసాకూ ఫిర్యాదు చేసి ఉచితంగా మరొకటి కోరేవారు కూడా ఉంటారు. రెండుసార్లు ఇచ్చి, మూడోసారి డబ్బు తిరిగి ఇచ్చి నమస్కారం చెప్పడం తప్పు కాదు.

ఆలస్యం జరిగితే వారు అడగకముందే చెప్పాలి. స్పీడ్ పోస్టు రసీదుపై ఉండే 13 అక్షరాల సంఖ్యను ఆనాడే పంపితే, పార్సిలు ఎక్కడ ఉన్నదీ వారే చూసుకుంటారు.

కొందరు రోజూ ఉదయం శుభాకాంక్షల బొమ్మలు, సాయంత్రం ధరల పట్టికలు పంపుతారు. ఇది వాడుకను చంపుతుంది. విసిగినవారు నంబరును నిరోధిస్తారు. పలువురు ఫిర్యాదు చేస్తే ఖాతాకే ముప్పు. వాట్సాప్ ప్రసార జాబితాలో పంపిన కబురు, మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. కనుక మొదటి సీసాతోపాటు ‘ఈ నంబరును పేరుతో దాచుకోండి’ అని చీటీలో కోరడం అవసరం. కొత్తకారం వచ్చినప్పుడు ఒకటి, మామిడికాయలు దిగినప్పుడు ఒకటి, పండుగకు ముందు ఒకటి. ఏడాదికి ఆరేడు కబుర్లు చాలు.

సరిహద్దువారు తప్పక తెలుసుకోవలసిన చిక్కు మరొకటి ఉన్నది. మొదటి వాడుక సాధారణంగా ఆవలి రాష్ట్రంలోని చుట్టాలతోనే మొదలవుతుంది. చుట్టానికి ఊరికే పంపడం వేరు, డబ్బు తీసుకొని అమ్మడం వేరు. సిరుగుప్పవారికి ఆదోని దగ్గర, బెంగళూరు దూరం. కాని జీఎస్టీ చట్టం దృష్టిలో ఆదోనికి అమ్మినది అంతర్రాష్ట్ర అమ్మకం. పన్ను వర్తించే సరుకును మరో రాష్ట్రానికి అమ్మేవారు, అమ్మకం ఎంత స్వల్పమైనా, నమోదు చేసుకోవలసి ఉంటుంది. కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం పరిమితికి లోబడి మినహాయింపు ఉన్నది. రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారులు 2023 అక్టోబరు 1 నుండి, నిర్ణీత షరతులతో, నమోదు లేకుండానే ఆన్‌లైన్ అంగళ్లలో చేరవచ్చు. అందువలన మొదట స్వరాష్ట్రంలోని పట్నాలలో వాడుక పెంచుకొని, లెక్కలు చూసేవారిని సంప్రదించి ఆ తరువాత సరిహద్దు దాటడం క్షేమం. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య, తయారైన తేదీ, నికర తూకం, చిరునామా సీసాపై ఉండాలి.

ఆప్యాయత పేరుతో లెక్క వదలరాదు. డబ్బు పంపినట్లు వచ్చిన బొమ్మను నమ్మి సరుకు పంపి మోసపోయినవారు ఉన్నారు. తమ ఖాతాలో డబ్బు పడినట్లు తామే చూసుకోవాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ రహస్య సంఖ్య కొట్టనవసరం లేదు. కొట్టమన్నవారు కొనడానికి వచ్చినవారు కారు.

వేసవిలో కాయ దొరికేది కొద్ది వారాలే. ఇంట్లో జాడీలు, చేతులు అంతే ఉంటాయి. అరవై కిలోలు పెట్టగల ఇల్లాలు నూరు కిలోలకు ఒప్పుకుంటే, తుడిచి ఆరబెట్టని ముక్క జాడీలో పడుతుంది, బూజు వస్తుంది. పుస్తకంలోని పాత ఇళ్లకు ముందుగా కబురు పెట్టి, వారి సీసాలు పక్కన పెట్టిన తరువాతనే మిగిలినది కొత్తవారికి చెప్పాలి. దొరకనివారి పేర్లు చివరి పుటలో వ్రాసుకొని, వచ్చే చైత్రంలో మొదటి కబురు వారికే పంపాలి.